పన్నీరు రోజా కొమ్మను వాటర్ కలర్‌లో ఉన్నదున్నట్టు గీయడం: తిరుపతి ఎండకు, వెలుగుకు తగ్గ పద్ధతి

గులాబీ బొమ్మ వేరు, గులాబీ మొక్క బొమ్మ వేరు. శుభలేఖ మీది గులాబీకి రేకులెన్నో ఎవరూ లెక్కపెట్టరు. వృక్షశాస్త్ర చిత్రం అలా కుదరదు. ముల్లు కాండం మీద ఎక్కడ పుట్టింది, ఆకు కాడ మొదట్లో ఆకుపచ్చ రెక్కలు ఎలా అతుక్కున్నాయి, మొగ్గను కప్పే ఆకుపచ్చ రక్షక పత్రాల అంచులకు ఈకలున్నాయా అన్నవి చూసి మొక్క తెలిసినవాళ్లు దాన్ని గుర్తుపట్టాలి. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల దిగులంతా రేకుల రంగు గురించే. ఎక్కువ బొమ్మలు చెడేది మాత్రం అంతకుముందే: కొలత తీసుకోకపోవడంలో, ఆకుల్ని చివరికి వదిలేయడంలో, పువ్వుకూ కాడకూ లంకె కుదరకపోవడంలో.

ఇక్కడ తీసుకున్నది ఒకే ఒక్క కొమ్మ. సగం విచ్చిన పువ్వు ఒకటి, మొగ్గ ఒకటి, ఆకులు రెండో మూడో. కొలత అసలు మొక్క కొలతే, పెంచడం తగ్గించడం లేదు. రోజుకు రెండున్నర గంటల చొప్పున పది పన్నెండు ఉదయాల పని అనుకోండి.

కొమ్మ ఎక్కడ, ఎప్పుడు, ఎలా

తిరుపతి పూల అంగళ్లలో కిలోల లెక్కన అమ్మే రోజాలు దండలకు బాగుంటాయి, మనకు పనికిరావు. వాటిని తొడిమ దగ్గరే తుంచేసి ఉంటారు. బొకేల కోసం వచ్చే పొడుగు కాడల రోజాలకు కింది ముళ్లు, ఆకులు గీకేసి ఉంటారు. కాబట్టి కావలసింది మొక్క. నల్ల కవర్లో నాటిన మొక్కను నర్సరీలో కొని నెల రోజులు ఇంట్లో కుదురుకోనివ్వండి. తిరుమల మీది తోటల పూలు స్వామివారివి. అక్కడ నిలబడి చూసి నేర్చుకోవచ్చు, చెయ్యి వేయకూడదు.

నర్సరీ మొక్కలు చాలావరకు అంటు కట్టినవే. నేలకు దగ్గర్లో కాండం మీద బొడిపెలా కనిపించేది అంటు కట్టిన చోటు. దాని కిందినుంచి లేచిన చిగురు కింది మొక్కది, పైన పూసే రోజాది కాదు. ఆ చిగురు ఆకుల్లో చిట్టి ఆకులు చిన్నగా, తరచుగా ఏడేసి ఉంటాయి. పైనుంచి పువ్వు, కిందినుంచి ఆకు తీసి ఒకే బొమ్మలో పెడితే లోకంలో లేని మొక్క తయారవుతుంది. చూడ్డానికి అందంగానే ఉంటుంది, అందుకే ఈ తప్పు ఎవరి కంటా పడదు.

పన్నీరు రోజానే ఎంచుకోవడానికి కారణం ఉంది. దాని ఆకు మెరవదు, కాబట్టి మొదటి బొమ్మకు సులువు. రక్షక పత్రాలకు ఈకలు స్పష్టంగా ఉంటాయి. గులాబీ రంగు ఒక్క పిగ్మెంట్‌తోనే, అంటే ఒక్క మూల రంగు పొడితోనే, చాలావరకు వచ్చేస్తుంది. ఆ పేరుతో అమ్మే మొక్కలన్నీ ఒక్కలా ఉండవు గనుక పుస్తకంలో బొమ్మ చూసి కాకుండా ముందున్న కొమ్మను చూసే గీయండి. మన వైపు వానలు వెనక్కి తగ్గాక, డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి మంచి కాలం. పువ్వు నిలుస్తుంది, కాగితం మీద తడీ నిలుస్తుంది.

తెల్లవారుజామున, మంచు ఆరకముందే కోయండి. 20 నుంచి 25 సెంటీమీటర్ల కొమ్మ, ఏటవాలు కోత. కోసిన వెంటనే మెడ దాకా నీళ్లలో ముంచి గంటసేపు చీకటి మూలన పెట్టాలి. అదే దశలో ఉన్న రెండో పువ్వును కూడా తప్పకుండా తీసుకోండి. ఒకటి చూసి గీయడానికి, ఒకటి విప్పి చూడడానికి. రాత్రిపూట కొమ్మను కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టవచ్చు. పక్కన అరటిపండో మామిడిపండో ఉంటే మాత్రం వద్దు. పండే కాయలు వదిలే ఇథిలీన్ వాయువుకు పువ్వు త్వరగా ముదిరి రేకులు రాలుస్తుంది.

విప్పి చూడకుండా పెన్సిల్ పట్టొద్దు

రెండో పువ్వును తెల్ల కాగితం మీద పెట్టి బయటి నుంచి లోపలికి ఒక్కో భాగం తీస్తూ వరసగా పేర్చండి. రక్షక పత్రాలు అయిదు. ఇక్కడ గులాబీకే సొంతమైన ఒక చిత్రం ఉంది. అయిదింటిలో రెండింటికి రెండు పక్కలా ఈకలు ఉంటాయి, రెండింటికి ఏ పక్కా ఉండవు, మిగిలిన ఒక్కదానికి ఒక పక్కనే ఉంటాయి. మొగ్గలో అవి ఒకదాన్నొకటి కప్పుకున్న తీరే దీనికి కారణం. బయటికి తేలిన అంచుకు ఈకలు పెరుగుతాయి, పక్కదాని కిందికి దూరిన అంచుకు పెరగవు. పాత రకాల్లో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, బొకే రోజాల్లో అంత స్పష్టంగా ఉండదు. అయిదింటికీ ఒకేలా ఈకలు పెట్టిన బొమ్మ చూడగానే గీసినవాళ్లు మొక్కను చూడలేదని తెలిసిపోతుంది.

రేకులు తీస్తూ లోపలికి వెళ్తే సగం రేకు, సగం కేసరంగా ఉన్నవి తగులుతాయి. ముద్ద పువ్వుల్లో అదనపు రేకులన్నీ మారిపోయిన కేసరాలే. అందుకే మధ్యలోవి చిన్నగా, వంకరగా, ఒక్కోసారి అడుగున తెల్లటి చారతో ఉంటాయి. ఆ వంకరను సరిదిద్దకండి.

ముల్లు సంగతి. నిమ్మ ముల్లు ఆకు మొలిచిన గ్రీవంలోంచి వస్తుంది, లోపలి కట్టెతో కలిసి ఉంటుంది. గులాబీ ముల్లు అలా కాదు, పై పొర నుంచి లేచినది. బొటనవేలితో పక్కకు నెడితే టక్కున ఊడి కోడిగుడ్డు ఆకారపు మచ్చ మిగులుతుంది. అందుకే దానికి చోటు నియమం లేదు, ఆకు దగ్గరే ఉండాలని లేదు. అడుగు వెడల్పుగా కాండం పొడవునా సాగి ఉంటుంది. కాండానికి సూదులు గుచ్చినట్టు గీస్తే తప్పు. మీ కొమ్మ మీద ముళ్లెన్నో లెక్కపెట్టి, ఏవి ఏ వైపో రాసుకోండి.

ఆకు అంటే ఒక చిట్టి ఆకు కాదు. అయిదో ఏడో చిట్టి ఆకులు కలిసిన మొత్తం ఒక ఆకు. కాడ మొదట్లో దానికి ఇరువైపులా అతుక్కుని సన్నని రెక్కలుంటాయి, వాటిని పత్రపుచ్ఛాలు అంటారు. గులాబీ బొమ్మల్లో ఎక్కువగా మాయమయ్యే భాగం ఇదే.

సామాను

కాగితం మీద పిసినారితనం వద్దు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), నూరు శాతం కాటన్, హాట్ ప్రెస్. పైన నున్నగా ఉంటేనే ఈనెలు, ముళ్ల కొనలు తెగకుండా వస్తాయి. కోల్డ్ ప్రెస్ గరుకులో గీత పళ్లు పళ్లుగా విరుగుతుంది. కాగితానికి లోపల, పైన జిలటిన్ లాంటి జిగురు పట్టించి ఉంటారు, రంగు పాకిపోకుండా ఆపేది అదే. మన పక్కనే శ్రీకాళహస్తిలో కలంకారీవాళ్లు బట్టకు కరక్కాయ, పాలు కలిపి పట్టించేదీ ఇలాంటి కారణానికే. పాలలోని కొవ్వు సిరాను పాకనివ్వదు. కాగితాన్ని తేమలో వదిలేస్తే ఆ జిగురు చచ్చిపోయి, వాష్ (నీళ్లు ఎక్కువగా కలిపిన పలుచని రంగు పూత) వేసినప్పుడు ముదురు చుక్కలు తేలుతాయి. నవంబరు, డిసెంబరు వానల్లో జిప్ కవర్లో, సిలికా జెల్ పొట్లంతో దాచండి.

బ్రష్‌లు మూడు చాలు: 6, 3, 1 నంబర్లు, గుండ్రనివి. తడిపితే కొన సూదిలా నిలవాలి. ఖరీదైన సేబుల్ జంతువు వెంట్రుకల బ్రష్ లేకపోతే మంచి సింథటిక్‌తో మొదలుపెట్టవచ్చు, కొన వంగిన రోజున దాన్ని రంగు కలిపే బ్రష్‌గా మార్చేయండి. పెన్సిల్ హెచ్‌బీ ఒకటి, 2హెచ్ ఒకటి. పిండిలా మెత్తగా అయ్యే నీడెడ్ రబ్బరు, జామెట్రీ బాక్సులోని డివైడర్, ట్రేసింగ్ పేపరు, తెల్ల పింగాణీ పళ్లెం, రెండు గాజు గ్లాసుల నీళ్లు. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు ఆరాక తెల్లటి పొర వదులుతాయి. తాగే ఫిల్టరు నీళ్లు వాడండి.

రంగు కొనేటప్పుడు పేరు చూడొద్దు, ట్యూబు మీద ఇంగ్లిషులో ఉండే పిగ్మెంట్ కోడ్ చూడండి. గులాబీకి ప్రాణం పీవీ 19, క్వినాక్రిడోన్ రోజ్. దానితో పాటు పీఆర్ 122 మెజెంటా, పీవై 154 పసుపు, పీబీ 29 అల్ట్రామెరైన్, పీజీ 7 థాలో గ్రీన్, బర్ంట్ సియెన్నా. ఈ ఆరింటితో మొత్తం కొమ్మ అయిపోతుంది. పీఆర్ 83 అని ఉన్న అలిజరిన్ క్రిమ్సన్, ఒపెరా పేరుతో వచ్చే మిరుమిట్ల గులాబీ రంగు రెండూ వెలుగుకు వెలిసిపోతాయి. నమ్మకం లేకపోతే తిరుపతి మే నెల ఎండే పరీక్ష పెడుతుంది. ఒక కాగితం ముక్క మీద రంగు చారలు వేసి, సగానికి నల్ల అట్ట అంటించి, ఎండ తగిలే కిటికీ అద్దానికి నెల రోజులు ఉంచండి. అట్ట తీసి చూస్తే ఏది నిలిచిందో తెలుస్తుంది.

ఉత్తరం కిటికీ మాట మనకు అచ్చంగా వర్తించదు

యూరప్ పుస్తకాలన్నీ ఉత్తరం కిటికీ దగ్గర కూర్చోమంటాయి, అటునుంచి నేరుగా ఎండ రాదని. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరంగానే ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరం కిటికీలోంచే ఎండ వచ్చి పడుతుంది, నీడలు కదులుతాయి. ఆ రోజుల్లో కిటికీకి పలుచని తెల్ల పంచె కట్టి పనిచేయండి. లేదా కిటికీ మూసి, పగటి వెలుగు లాంటి తెల్లని ఎల్ఈడీ దీపం ఒక్కటి ఎడమ వైపు పైనుంచి పడేలా పెట్టుకోండి. రెండు దీపాలు వద్దు, నీడలు రెండై రేకు ఏ వైపు వంగిందో తెలియదు. ఎడమచేతి వాటం వాళ్లకు దీపం కుడి వైపున ఉండాలి.

గీత

పువ్వు ఎవరికోసమూ ఆగదు. వేడిగా ఉన్న గదిలో రెండు మూడు గంటల్లోనే రేకులు కదిలిపోతాయి. అందుకని మొదటి ఉదయం పువ్వును మాత్రమే గీయండి, ఆకులు రేపటికి ఆగుతాయి. కూర్చోగానే మీ కన్ను ఉన్నచోటి నుంచే ఒక ఫోటో తీసి పెట్టుకోండి. అది గుర్తుకే, కొలతకు కాదు, ఎందుకంటే ఫోన్ కెమెరా దగ్గరున్నదాన్ని పెద్దది చేస్తుంది.

మామూలు కాగితం మీద ముందు ఒక్క గీత గీయండి. పువ్వు నడిబొడ్డు నుంచి, కింది పుష్పాసనం (రేకుల కింద కాడ ఉబ్బిన భాగం) మీదుగా, కాడ లోకి దిగే గీత. రేకులు ఎంత అడ్డం వచ్చినా ఆ గీత తెగకూడదు. పువ్వు పక్కకు వాలి ఉంటే గీతా వాలుతుంది. ఇది వదిలేస్తే పువ్వు తల తెగి కాడ మీద కూర్చోబెట్టినట్టు ఉంటుంది, తర్వాత ఎన్ని రంగులు వేసినా అతకదు. ఆ గీతకు అడ్డంగా పువ్వు చుట్టుకొలతకు ఒక దీర్ఘవృత్తం గీసి, డివైడర్‌తో వెడల్పు, ఎత్తు, లోపలి మొగ్గ వెడల్పు మూడింటినీ పువ్వు మీంచి నేరుగా తీసుకోండి. ఇప్పుడు నడిమి రేకు నుంచి బయటికి ఒక్కొక్కటే. ఒక రేకు అంచు ఇంకోదాని కిందికి దూరిన చోట అది కనిపించకపోయినా కాస్త దూరం లోపలికి గీసి చూడండి. రేకు అడుగు పుష్పాసనానికి చేరకపోతే ఎక్కడో తప్పింది.

ఆకుకు ముందు నడిమి ఈనె, తర్వాత అంచు, ఆ తర్వాతే పళ్లు. పళ్ల కొనలు ఆకు కొన వైపే వంగుతాయి. మన వైపు తిరిగిన చిట్టి ఆకు పొట్టిగా కనిపిస్తే పొట్టిగానే గీయండి. ‘ఆకు ఇంత పొడవు ఉంటుంది కదా’ అని మనసు లాగుతుంది, డివైడర్ చెప్పినదే నమ్మండి. పక్క ఈనెలు ఒక్కో వైపు ఎన్నో లెక్కపెట్టండి.

గీత కుదిరాక ట్రేసింగ్ తీసి, కిటికీ అద్దానికి ఆనించి మంచి కాగితం మీదికి 2హెచ్‌తో ఎక్కించండి. నొక్కితే కాగితంలో గాడి పడి, రంగు అందులో నిండి నల్లటి గీతవుతుంది. తర్వాత నీడెడ్ రబ్బరును అద్దుతూ, మీకు మాత్రమే కనిపించేంత వరకు గీతను పలచన చేయండి. కలంకారీలో చెయ్యి తిరిగినవాళ్లకు ఇక్కడే ఇబ్బంది. చింతపుల్లల బొగ్గుతో గుర్తులు పెట్టి, కలంతో నల్లని గీత గట్టిగా నిలపడం ఆ విద్యకు అందం. ఇక్కడ అంచు గీత ఉండదు. ఒక రంగు ఆగి ఇంకో రంగు మొదలైన చోటే అంచు.

రేకులు

ముందు పింగాణీ పళ్లెంలో మూడు పాకాలు. పీవీ 19 ని మజ్జిగ తేటంత పలుచగా ఒకటి, మజ్జిగలా ఒకటి, చిక్కటి మజ్జిగలా ఒకటి. నీడకు అదే గులాబీ రంగులో పీజీ 7 సూది మొనంత కలపండి. ఎదురు రంగు గనుక గులాబీ చల్లారి ఊదా బూడిద రంగుకు తిరుగుతుంది. నలుపు కలిపితే రేకు కుళ్లినట్టు అవుతుంది. అడుగున పసుపు పొర ఉన్న రేకుకు పీవై 154 తేట విడిగా. అన్నిటినీ బొమ్మ వేసే రకం కాగితం ముక్క మీదే వేసి, ఆరాక, నిజం రేకును పక్కన పెట్టి పోల్చండి. తడి రంగు ఎప్పుడూ ఆరినదానికన్నా ముదురుగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఫ్యాన్ ఆపండి. ఉక్కగా ఉంటుందని తెలుసు. అందుకే ఆరు నుంచి తొమ్మిది లోపు పని. ఫ్యాన్ కింద వాష్ నిమిషం కూడా నిలవదు. 3 నంబరు బ్రష్‌తో ఒక్క రేకును మంచినీళ్లతో తడపండి. అర నిమిషం ఆగి మళ్లీ తడపండి. మొదటి తడి కాగితం లోపలికి పోతుంది, రెండోది పైన నిలుస్తుంది. తల పక్కకు వంచి చూస్తే నీటి గుంట కనిపించకూడదు, పట్టు చీరలా సన్నని మెరుపు మాత్రమే ఉండాలి. అప్పుడు తేట రంగును నీడ వైపు అంచున తాకించి వదిలేయండి, అదే పాకుతుంది. వెలుగు పడే మడత మీదికి రాబోతుంటే తుడిచిన బ్రష్‌తో ఆపండి. ఆ తెల్లని చోటును మొదటి నుంచే కాపాడాలి. పీవీ 19 కాగితానికి పట్టుకునే రంగు, తర్వాత కడిగి తెలుపు తెద్దామంటే పూర్తిగా రాదు.

పక్కపక్క రేకుల్ని వెంటవెంటనే తడపకండి, ఒకటి వదిలి ఒకటి వేయండి. ఆరిందో లేదో వేలి వెనక వైపు తాకించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. సగం ఆరిన వాష్ మీద నీటి చుక్క పడితే కాలీఫ్లవర్ అంచులాంటి మచ్చ పుడుతుంది. పుట్టాక రుద్దకండి. పూర్తిగా ఆరనిచ్చి, తడి బ్రష్‌తో అంచును మెత్తబరిచి, తర్వాతి పూతలో కలిపేయండి.

రెండో పూత మజ్జిగ చిక్కదనంతో, నీడల్లోనే. మూడోది రేకుల మడతల లోతుల్లో, పీఆర్ 122 కొద్దిగా కలిపి. ఇక్కడి నుంచి పొడి బ్రష్. 1 నంబరు బ్రష్‌ను రంగులో ముంచి, బట్ట మీద ఒత్తి తుడిచి, రేకు మొదటి నుంచి అంచు వైపు పాకే ఈనెల దారినే వెంట్రుక గీతలు లాగండి. అడ్డంగా లాగితే రేకు గుండ్రం పోయి చదునవుతుంది. ఆరేడు పూతలకు గానీ లోతు రాదు. ప్రతి రెండు పూతలకూ లేచి, నాలుగడుగుల దూరం నుంచి కళ్లు చికిలించి చూడండి. ముదురు, లేత తేడా కనిపించకపోతే నీడలు చాలలేదని అర్థం. భయపడి లేతగా వదిలేసిన బొమ్మలే ఎక్కువ, ముదిరి చెడినవి తక్కువ.

చెయ్యి కింద ఎప్పుడూ శుభ్రమైన కాగితం ఉండాలి. చెమట, నూనె తగిలిన చోట రంగు పట్టదు, అది మూడో పూతలో గానీ బయటపడదు.

ఎర్ర రోజా వేసేవాళ్లకు ఒక మాట: నారింజ వైపు వెళ్లే ఎరుపు, అంటే పీఆర్ 254 లాంటిది పలుచగా ముందు వేసి, ఆరాక పైన పీవీ 19 వేయండి. ఒకే ఎరుపును చిక్కగా వేస్తే వెల్వెట్ మెరుపు రాదు, గోడ రంగులా ఉంటుంది.

ఆకు, కాడ, ముల్లు

ఆకుపచ్చ ట్యూబు నేరుగా వాడొద్దు. పీవై 154, పీబీ 29 కలిపి, బర్ంట్ సియెన్నా చుక్కతో మందగించండి. మొదటి పూత పచ్చది కాదు. ఆకాశం వెలుగు పడే చోట్ల పలుచని నీలం. అది ఆరాక, ఆ నీలాన్ని అక్కడక్కడ వదిలేస్తూ ఆకుపచ్చ. ఈనెల్ని తర్వాత తెల్ల రంగుతో గీయకూడదు. రెండు ఈనెల మధ్య గదుల్ని ఒక్కొక్కటే నింపుతూ వస్తే ఈనె దానంతటదే లేతగా మిగిలిపోతుంది. ఇది ఓపిక పని, ఒక్కో చిట్టి ఆకుకు గంట పట్టినా తొందరపడకండి. ఆకు అడుగు వైపు లేతగా, బూడిద పచ్చగా ఉంటుంది. అక్కడ ఈనెలు ఉబ్బి కనిపిస్తాయి, కాబట్టి ప్రతి ఈనెకూ ఒక పక్క సన్నని నీడ పెట్టండి. లేత చిగుళ్ల ఎరుపుకు పీవీ 19, బర్ంట్ సియెన్నా కలపండి.

కాడకు వెలుగు వైపు ఒక సన్నని తెల్ల చార వదిలి, రెండో అంచుకు ముదురు. చివరి అంచున మళ్లీ వెంట్రుకంత లేత రంగు ఉంటేనే కాడ గుండ్రంగా కనిపిస్తుంది. ముల్లుకు అడుగున ఎరుపు, కొనకు తేనె రంగు, అడుగు చుట్టూ కాండం మీద చిన్న నీడ.

పూర్తయ్యాక

కింద ఖాళీలో, విప్పిన పువ్వు నుంచి మూడు భాగాలు చేర్చండి: ఒక బయటి రేకు, వరసగా అయిదు రక్షక పత్రాలు, నిలువునా రెండుగా కోసిన పుష్పాసనం. కాయగా ముదిరినది దొరికితే అదీ కోసి చూపండి. మనం గులాబీ కాయ అనుకునేది ఉబ్బిన పుష్పాసనమే, లోపలి గట్టి గింజల్లాంటివే అసలు ఫలాలు. పక్కన ఒక సెంటీమీటరు గీత గీసి కొలత రాయండి, పెద్దది చేసి చూపిన భాగానికి ఎన్నింతలో రాయండి. పెన్సిల్‌తో మొక్క పేరు, సేకరించిన ఊరు, తేదీ. రకం కచ్చితంగా తెలిస్తేనే శాస్త్రీయ నామం. తెలియకపోతే ‘తోట గులాబీ, పన్నీరు రోజా పేరుతో సాగు’ అని రాయండి, ఊహించి రోజా డమాస్కేనా అని రాయకండి.

స్కాన్ 600 డీపీఐలో చేయించండి, లేత గులాబీ పొరలు ఫోన్ ఫోటోలో తెల్లగా ఎగిరిపోతాయి. ఫ్రేము కట్టేటప్పుడు అద్దం బొమ్మను తాకకుండా మధ్యలో మందపాటి అట్ట మౌంట్ ఉండాలి. తాకితే వానాకాలం తేమకు అద్దం లోపల బూజు పట్టి కాగితానికి అంటుకుంటుంది. ఎండ పడని గోడకు, వంటింటి ఆవిరి చేరని చోట తగిలించండి.